పదిహేను బెర్తులు

పడుకోమంటే పడుకుంటుంది.
ఫ్యాను ఆగుతుంది, ముందు దీపం
ఒకసారి మసకేస్తుంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
గుర్రుమని లేచి కూర్చుంటుంది,
ఎవరో తలుపు కొట్టినట్టు.

ఎవరూ కొట్టలేదు.
మల్కాపురంలో తెల్లారగట్ల మూడింటికి
తలుపు కొట్టేది ఉప్పుగాలి ఒక్కటే.

కేబినెట్ డాబాగార్డెన్స్‌లో కొన్నది,
బోర్డు జలీల్ దగ్గర సెకండ్ హ్యాండ్,
ర్యామ్ రెండు నెలల ఓవర్‌టైమ్.
స్క్రూలు నేనే బిగించాను.
ఒకటి మిగిలింది. అదెక్కడిదో ఇప్పటికీ తెలీదు,
అగ్గిపెట్టెలో దాచాను.

నా ఉద్యోగం పోర్టులో.
ఏ ఓడ ఏ బెర్తుకి రావాలో
రాసే బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు.
ఇంటికొస్తే ఇక్కడా పోర్టులే.
నూకరత్నం నవ్వుతుంది:
"అక్కడ సాల్లేదేటి నీకు?"

"తుప్పు పట్టుంటుంది సార్, స్పిరిటుతో తుడవండి"
అన్నాడు జలీల్.
తుడిచాను. గది ఆసుపత్రి వాసనేసింది.
అది మాత్రం నాలుక్కే లేచింది.

పాత లాగ్‌బుక్కు వెనక పేజీలో గీతలు గీసి
పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కో కంతా తడిమాను,
మెడ వంచి, నోట్లో టార్చి పెట్టుకుని.
నీలం కంతల్లో ఇద్దరేసి కాపురం.
పాత పెన్‌డ్రైవుకి ఒకరు పలుకుతారు,
కొత్తదానికి ఇంకొకరు.
బోర్డు కడుపులో ఇంకొందరు.
కంటికి పది. లెక్కకి ఇరవైరెండు.
సిస్టమ్ ఒప్పుకునేది పదిహేనే.

ఏడింటిని కొట్టెయ్యాలి.
ఆఫీసులో అయితే, బెర్తు లేదంటే
ఏజెంటు ఫోన్ చేసి బతిమాలతాడు,
కసురుకుంటాడు, మళ్ళీ బతిమాలతాడు.
కంతలు బతిమాలవు.
కీబోర్డు ఉండాలి, మౌసు ఉండాలి,
రంగుదీపాలది పోనీ,
ముందువైపు కుడికంత ఎప్పుడు వాడాం గనక,
ఎర్రపెన్నుతో అడ్డగీత.

పదిహేను తేలాయి. పడుకోమన్నాను.
ఒకటి, రెండు, మూడు,
నాలుగు.
లేచింది.

ఆ వారం నాదీ అదే నిద్ర.
నైట్‌షిఫ్టు దిగి కళ్ళు మూస్తే
వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడు,
కిటికీ మీద రిఫైనరీ మంట,
లేచి కూర్చోవడం.
మౌసు పీకేశాను. కీబోర్డు పీకేశాను.
ఓ రాత్రి ఎవరూ చూడకుండా
తెరకి దణ్ణం కూడా పెట్టాను.

చివరికి అది రాసుకున్న లాగ్ చదివాను,
వరస వెంట వరస.
లేపినవాడు ప్రతిసారీ ఒకడే:
పద్నాలుగో నంబరు.
నా పుస్తకంలో పద్నాలుగుకెదురుగా
నా చేత్తోనే రాసుంది, "బయటిది" అని.

బయటిది కాదు. బ్లూటూత్.
బోర్డుకి అతుక్కునే ఉంది,
ఊడదు, ఎక్కడికీ పోదు.
నేను బయటిదన్నాను కనక
కన్నంటుకోగానే అది వెళ్ళిపోయిందనుకుని
యంత్రం ఉలిక్కిపడి వెతుక్కుంటోంది.

ఇంటిమనిషిని చుట్టాల పద్దులో రాశానన్నమాట.
కొట్టేసి రాశాను: లోపలిది.
రెండువందల యాభై అయిదు అంటారు దాని భాషలో.

పడుకోమన్నాను.
నాలుగు. పది. అరవై.
తర్వాత లెక్క మానేశాను.
చానెల్లో ఏదో ఓడ గట్టిగా కూత వేసింది,
అయినా కదల్లేదు.
నూకరత్నం నిద్రలోంచే అడిగింది:
"తొంగుందా?"
"ఊఁ."
"మరి నువ్వో?"
జవాబు చెప్పానో లేదో గుర్తులేదు.

తొమ్మిదింటికి కిందివాటా గౌతమి
హాల్‌టికెట్ ప్రింటు కోసం వచ్చింది.
ముందువైపు కుడికంతలో పెన్‌డ్రైవు పెట్టి
ఎంతసేపటికీ ఏమీ రాక
నా మొహంలోకి చూసింది.

"అది మూసేసిన బెర్తమ్మా" అన్నాను
కళ్ళు నులుముకుంటూ,
"పక్కదానికి కట్టు."